స్విచ్చి దగ్గర మనిషి

ఏది కొనాలని ఎవరైనా అడిగితే లింగాచారి మాస్టారు షెడ్డులో కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. అడిగింది ఉలి గురించైనా, చిత్రిక గురించైనా, "చూసొద్దాం పద" అంటూ చెప్పులు తొడుక్కునేవారు. కొట్లో నిగనిగలాడుతున్నప్పుడు కాదు, ఒకరింట్లో పని చేస్తున్నప్పుడు చూడాలి వస్తువుని అని ఆయన పట్టుదల. తణుకులో కుర్రాళ్లకు వడ్రంగం నేర్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంటి వెనకాల రేకుల షెడ్డులో ఆదివారం పొద్దుటిపూట మాలాంటివాళ్లకు పని నేర్పేవారు. మాలాంటివాళ్లంటే వేరే బతుకుతెరువులు ఉండి, చెక్క మీద మోజు కొద్దీ వచ్చినవాళ్లం. తిన్నగా ఒక మాట చెప్పేస్తే అయిపోయేదానికి ఊళ్లు తిప్పుతాడేమిటీ పెద్దాయన అని మాలో కొందరికి విసుగ్గానే ఉండేది.

మణిమాల ఆ షెడ్డుకు వచ్చింది మోజు కొద్దీ కాదు, అవసరం కొద్దీ. ఆమెకు మార్కెట్ వీధిలో బ్లౌజులు కుట్టే షాపుంది. షాపులో మగ్గం వర్కు చేసే ఆడవాళ్లు వంకర ఫ్రేముల మీద గుడ్డ బిగించి, అది వదులైపోతుంటే రోజుకు పదిసార్లు మళ్లీ బిగించుకోవడం చూసి, తిన్నటి ఫ్రేము తానే ఎందుకు చేయకూడదనుకుంది. మాస్టారి దగ్గర చేతి రంపంతో మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి మంచి ఫ్రేములే చేసింది. చుట్టుపక్కల ఊళ్లలో మగ్గం నేర్చుకునేవాళ్లు వచ్చి అడగడం మొదలుపెట్టారు. కానీ ఒక్కో ఫ్రేముకు పొడుగాటి బద్దలు నాలుగు కావాలి, నాలుగూ ఒకే వెడల్పులో ఉండాలి. చేతి రంపంతో పలకను నిలువునా చీల్చేసరికి భుజం పడిపోయేది. మధ్యాహ్నం షాపు మూసే వేళలో, ఇంటి పక్కన స్కూటర్లు పెట్టుకునే చోట, ఒక రంపం మిషను పెట్టుకోవాలని నిర్ణయించుకుంది.

రెండు దారులు కనిపించాయి ఆమెకు. ఒకటి, టౌన్లో మిషన్ల కొట్టులో ఉన్న కొత్తది. పైన అల్యూమినియం పలక, ఇద్దరు పట్టుకుంటే ఎత్తగలిగేంత బరువు, చిన్న మోటారు. ఆమె దాచుకున్నదంతా దానికే సరిపోతుంది. రెండోది, వేల్పూరు వైపు ఒకాయన అమ్ముతున్న పాతది. ఇనప కమ్మీలు వెల్డింగ్ చేసి కట్టిన పెద్ద బల్ల, బెల్టుతో తిరిగే పెద్ద మోటారు, ఎంత మందం చెక్కనైనా కోసేస్తుందని పేరు. ధర కొత్తదానిలో సగం. మిగిలిన సగంతో మంచి చెక్క కొనుక్కోవచ్చు. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆమెకు బుర్ర వేడెక్కిపోయింది. ఒకడు బరువున్నదే మిషను అంటాడు, ఇంకొకడు చెక్కను ఆనించి తోసే గైడు తిన్నగా నిలబడితే చాలంటాడు. చివరికి ఒక ఆదివారం మాస్టారిని అడిగేసింది.

"మాస్టారూ, నా దగ్గరున్న డబ్బుకి ఏది కొనమంటారు?"

"ఆ వేల్పూరాయన ఇంట్లో ఉంటాడా ఇవాళ?" అన్నారు మాస్టారు.

ఆ ఇంటాయన పేరు గుబ్బల ఏసుపాదం. రైసు మిల్లులో ఫిట్టరుగా పనిచేసి మానేసి, ఇంటి ముందు వసారాలో పీటలు, స్టూళ్లు, నవారు మంచాల పట్టెలు చేసి అమ్మేవాడు. మిషను తను కట్టుకున్నదే. మనిషి కలుపుగోలు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసి, గుడ్డతో బల్లంతా తుడిచి చూపించాడు. బల్ల చదునుగా ఉంది. గైడు కొలబద్ద పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అమ్మకానికని బేరింగులు మార్చి మూడు నెలలు కూడా కాలేదట. మణిమాల మొహంలో ఆశ కనిపించింది.

"ఇంత మంచి మిషను ఎందుకు అమ్మేస్తున్నారండీ?" అని అడిగింది.

"ఏమోనమ్మా, కోత మీద మనసు పోయింది," అన్నాడు ఏసుపాదం. "పొద్దున్నే లేస్తాను, చెక్క తీస్తాను, మళ్లీ గోడకు ఆనించేస్తాను. ఆర్నెల్లుగా ఇదే వరస. వయసైపోతోంది కాబోలు. ఊరికే చోటు తినేస్తుంటే ఎందుకని."

ఆ ఆర్నెల్లుగానే ఆయన భార్య సువార్తమ్మ రొయ్యల కంపెనీలో పనికి వెళ్తోంది. పొద్దున్నే కంపెనీ బస్సు వీధి చివర ఆగుతుంది, సాయంత్రం దింపుతుంది. ఆ రోజు ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది. వంటింట్లోంచి తొంగిచూసి, మాస్టారికి దణ్ణం పెట్టి, మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"ఒక కోత కోసి చూపించండి," అన్నారు మాస్టారు.

ఏసుపాదం గోడకు ఆనించి ఉన్న వేప పలకను ఈడ్చుకొచ్చి బల్ల మీద వేశాడు. పలక బల్లకు తగిలిన చప్పుడు వినబడగానే వంటింట్లోంచి సువార్తమ్మ బయటికొచ్చింది. ఎవరూ పిలవలేదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ వసారా చివర స్తంభం దగ్గరికి నడిచి, అక్కడ బిగించిన మెయిన్ స్విచ్చి పిడి మీద చెయ్యి వేసి నిలబడింది. భర్త తలూపగానే పిడి పైకి నెట్టింది. మోటారు హోరెత్తింది. మణిమాల కళ్లు బ్లేడు మీద ఉన్నాయి. మాస్టారు మాత్రం కుర్చీ కొద్దిగా తిప్పుకుని స్తంభం వైపు చూస్తూ కూర్చున్నారు.

పలక సగం దాకా వెన్నలా తెగింది. ఆ తర్వాత చెక్క లోపలి బిగువు విడిపోయి, కోసిన గాడి వెనక నుంచి మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. మోటారు మూలిగింది. పలక గడగడ వణికింది. చెక్క కాలిన పొగ లేచింది. ఏసుపాదం రెండు చేతులతో బలమంతా పెట్టి పలకను బల్లకు అదిమాడు. వదిలితే పలక ఎగిరి పొట్టలో తగులుతుంది, వదలకపోతే బ్లేడు అలా తిరుగుతూనే ఉంటుంది. ఆయన కేకెయ్యలేదు. గడ్డం కొంచెం పైకెత్తాడు, అంతే. సువార్తమ్మ పిడిని కిందికి గుంజేసింది. బ్లేడు మెల్లగా ఆగిపోయింది.

ఏసుపాదం నుదుటి మీద చెమట తుడుచుకుని నవ్వాడు. "అప్పుడప్పుడూ ఇలా పట్టేస్తుందండి, పచ్చి చెక్కలు కదా. ఏం ఫర్వాలేదు. ఎనిమిదేళ్లుగా కోస్తున్నాను, నా వేలికి చిన్న గీత కూడా పడలేదు. చూడండి." రెండు చేతులూ చాపి చూపించాడు. నిజమే. పది వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి.

"పడలేదు," అంది స్తంభం దగ్గర నుంచి సువార్తమ్మ. "నేనిక్కడ నిలబడ్డాను కదా."

దెప్పుతున్నట్టు అనలేదామె. వానొచ్చిందని చెప్పినట్టే చెప్పింది. ఏసుపాదం ఆ మాట అంతగా పట్టించుకోలేదు. గాడిలో మేకు దూర్చి, బ్లేడు నుంచి పలకను విడదీసే పనిలో ఉన్నాడు.

మాస్టారు లేచారు. "మణిమాలా, ఇప్పుడు నువ్వు నిలబడమ్మా. పలక పట్టుకో."

మణిమాల బల్ల ముందుకు వెళ్లి, నేర్చుకున్నట్టే కాళ్లు ఎడంగా పెట్టి, పలక మీద రెండు చేతులూ వేసింది. సువార్తమ్మ అలవాటుగా పిడి మీద చెయ్యి వెయ్యబోయింది.

"వద్దమ్మా," అన్నారు మాస్టారు. తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు. "మీరిలా వచ్చి కూర్చోండి. మిషను వెయ్యక్కర్లేదు."

ఆవిడ మొహమాటపడుతూ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మిషను ఆగే ఉంది. వసారాలో చప్పుడు లేదు.

"ఇందాకటిలాగే చెక్క పట్టేసిందనుకో," అన్నారు మాస్టారు మణిమాలతో. "చేతులు తియ్యడానికి లేదు. ఆపు."

మణిమాల స్తంభం వైపు చూసింది. స్తంభం వసారా అవతలి చివర ఉంది. ఎడమ చెయ్యి తీసి చాపినా అందదు. ఒక అడుగు వేస్తే పలక వదలాలి. బల్ల కింద చూసింది, అటూ ఇటూ చూసింది. కాలితో ఏదైనా తగులుతుందేమోనని ఆమెకు తెలియకుండానే కాలు కదిపింది. షాపులో ఆమె కూర్చునే మోటారు కుట్టు మిషను కాలు తీస్తే ఆగిపోతుంది. ఇక్కడ కాలికి నేల తప్ప ఏమీ తగల్లేదు. ఆగి ఉన్న బ్లేడు ముందు, ఆగి ఉన్న పలకను రెండు చేతులతో అదిమిపట్టి, ఆమె అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఆ మధ్యాహ్నపు వేళ తనొక్కతే ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందట ఆమెకు. ఆ సంగతి తర్వాత ఆమే మాతో చెప్పింది.

గాడిలోంచి తీసిన మేకు ఏసుపాదం చేతిలోనే ఉండిపోయింది. ఆయన మణిమాలను చూశాడు, స్తంభాన్ని చూశాడు, ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న భార్యను చూశాడు.

"సువార్తా," అన్నాడు. "నువ్వు లేకుండా ఎప్పుడైనా కోశానా నేను?"

"లేదు."

"ఒక్కసారి కూడానా?"

"మా అమ్మ పోయినప్పుడు నేను ఊరెళ్తే, ఆ పదిరోజులూ మంచాలకు నవారు అల్లుకుంటూ కూర్చున్నారు. కొయ్యలేదు."

ఏసుపాదం బల్ల అంచు మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు. "నీకు చూడ్డం సరదా అనుకున్నానే," అన్నాడు. "చెక్క ఈడ్చగానే వచ్చేసేదానివి. పని చూడ్డానికి వస్తున్నావనుకున్నాను."

"పని చూడ్డమా!" సువార్తమ్మ నవ్వబోయింది, కానీ కళ్లలో నీళ్లొచ్చాయి. "మీరు చేసిన స్టూళ్లు ఎలా ఉంటాయో అవి అమ్ముడయ్యాక ఎవరింట్లోనైనా చూసేదాన్ని. ఇక్కడ మీ గడ్డం తప్ప ఇంకేం చూళ్లేదు నేను. పొయ్యి మీద కూర మాడితే మాడనిచ్చేదాన్ని."

"భయమేస్తోందని చెప్పొచ్చు కదా."

"చెబితే మానేస్తారని. మీకది ఇష్టం కదా."

లోపల పొయ్యి మీద ఏదో పొంగిన వాసన వచ్చి సువార్తమ్మ లేవబోతే, ఏసుపాదం ఆమె కంటే ముందు లేచి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చాడు. వచ్చి మాస్టారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఆచారి గారూ, మనసు పోయిందనుకున్నానండి. మనసు పోలేదు. స్తంభం దగ్గర మనిషి లేదు."

మాస్టారు బల్ల చుట్టూ తిరిగి, వంగి, ముందు వైపు కమ్మీని వేళ్లతో తట్టి చూశారు. "ఇక్కడ బిగిస్తే ఎలా ఉంటుంది?" అని అడిగారు. "ఎర్ర బొత్తాం నొక్కితే ఆగే స్టార్టరు ఒకటి నా దగ్గర ఊరికే పడి ఉంది. దాని ముందు చిన్న చెక్క రెక్క వేలాడదీస్తే మోకాలితో తోసినా బొత్తాం పడుతుంది."

ఏసుపాదం మిల్లు ఫిట్టరు. అంతవరకూ చెబితే చాలు ఆయనకు. "గాడి మూసుకోకుండా బ్లేడు వెనకాల ఒక ఇనప పలక కూడా నిలబెడతానండి," అన్నాడు. "కొత్త మిషన్లకి ఉంటోందని చూశాను. ఎందుకులే, కోతకి అడ్డం అనుకున్నాను ఇన్నాళ్లూ." అని ఆగి, మణిమాల వైపు ఇబ్బందిగా చూశాడు. "అమ్మా, నిన్ను రప్పించి ఇలా అనడం బాగోదు. కానీ దీన్ని నేను ఇక అమ్మలేను."

మణిమాలకు కోపం రాలేదా అంటే వచ్చింది. తిరుగు దారిలో ఆటోలో మొహం అటు తిప్పుకునే కూర్చుందట. సగం ధరకు వచ్చే మిషను చేతిదాకా వచ్చి పోయింది. పైగా, అడిగిన ప్రశ్నకు మాస్టారు ఒక్క ముక్క జవాబు చెప్పలేదు.

తర్వాతి ఆదివారం మాస్టారు స్టార్టరు పట్టుకుని వేల్పూరు వెళ్తుంటే తనూ వస్తానని ఆమే అడిగి వెళ్లింది. స్క్రూలు బిగించింది ఆమే. రెక్క ఎంత వెడల్పుంటే మోకాలికి తడుముకోకుండా తగులుతుందో ముగ్గురూ మార్చి మార్చి నిలబడి చూశారు. ఏసుపాదం బ్లేడు వెనక ఇనప పలక అప్పటికే అరగదీసి సిద్ధం చేసుకున్నాడు. అన్నీ అయ్యాక పచ్చి వేప పలకొకటి బల్ల మీదికి ఈడ్చాడు. వంటింటి గుమ్మంలోకి సువార్తమ్మ వచ్చేసింది. వచ్చి, స్తంభం దాకా వెళ్లబోయి, ఆగింది. చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు చెంగు పట్టుకు నిలబడింది. ఏసుపాదం తనే మిషను వేసి, సగం కోసి, ఏమీ పట్టెయ్యకుండానే మోకాలితో రెక్కను తోశాడు. మిషను ఆగింది. మళ్లీ వేశాడు, మళ్లీ ఆపాడు. మూడోసారి ఆపి చూసేసరికి గుమ్మంలో ఆవిడ లేదు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఇప్పుడు మామూలు రోజుల్లో కూడా కోస్తున్నాడు. ఆవిడ సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి వసారాలో కొత్త స్టూళ్లు ఉంటున్నాయి. మొదటి కొన్నాళ్లూ దిగగానే ముందు ఆయన చేతులు చూసేదట, తర్వాత స్టూళ్లను చూడడం మొదలుపెట్టిందట.

మణిమాల ఆ వారమంతా టౌన్లో మిషన్ల కొట్టుకు తిరిగింది. కొట్టువాళ్లు ఆమెకు మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఎన్నాళ్ల గ్యారంటీయో చెప్పబోతే, ఒక చెక్క ఇమ్మని అడిగి, దాని మీద రెండు చేతులూ వేసి నిలబడి, తొడతో స్విచ్చి అందుతుందో లేదో చూసుకుంది. కొట్లో కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అందింది. గైడును బిగించి, రెండు చివరలా కొలిచి, వదులు చేసి, మళ్లీ బిగించి కొలిచింది. అదీ నిలబడింది. బ్లేడు వెనక ఇనప పలక ఉంది. మోటారు చిన్నదే, మందం చెక్కయితే మూలుగుతుంది, కానీ ఆమె కోసేవి బద్దలు. బల్ల పొట్టిది, కాబట్టి పొడుగు పలక అవతలికి జారిపోకుండా అదే ఎత్తులో ఒక స్టాండు ఆమే చేసుకోవాలి. ధర ఆమె అనుకున్నదానికి కొంచెం పైనే. మంచి చెక్కకు ఏమీ మిగలదు. ఒక ఆర్నెల్లు చవగ్గా దొరికే రబ్బరు చెట్టు చెక్కతోనే నెట్టుకురావాలి. ఇదంతా ఆమె షెడ్డులో మాస్టారి ముందు కూర్చుని, వేళ్లు మడిచి మడిచి చెప్పింది. మేమందరం పని ఆపి విన్నాం. అన్నీ చూసుకుంది, ఏదీ వదల్లేదు అనిపించింది మాకు.

అంతా చెప్పి, "ఎల్లుండి మీరొకసారి కొట్టుకి రండి మాస్టారూ," అంది. "మీరు చూసి సరేనంటే ఆ క్షణమే కొనేస్తాను."

మాస్టారు చిత్రిక బ్లేడు రాయి మీద నూరుకుంటున్నారు. నూరడం ఆపకుండానే అడిగారు.

"మీ ఇంట్లో కోసేటప్పుడు పక్కన ఎవరుంటారమ్మా?"

"ఎవరుంటారండీ. ఆ వేళకి నేనొక్కదాన్నే."

"అయితే కొట్టుకి కూడా ఒక్కదానివే వెళ్లు," అన్నారు.